సంచిలోని మనిషికి పిట్టకు పెట్టిన రోజు

మొన్న మా మనుమరాలు వరండాలో కూర్చొని, సెల్‌ఫోనులో తొడ ఎముకను వేలితో అటు తిప్పి ఇటు తిప్పి చదువుకుంటుంటే చూసిన. డాక్టరు చదువు మొదటి సంవత్సరం పిల్ల. చేతికి మట్టి అంటదు, ముక్కుకు వాసన తగలదు, ఇంట్లో ఎవరికీ భయం ఉండదు. మంచిదే. కానీ ఆ ఎముక గిర్రున తిరుగుతుంటే నా వెన్నులో చలి పుట్టింది. బతుకంతా దవాఖానల్లోనే గడిపిన ముసలి డాక్టరుకు ఎముకను చూస్తే చలేమిటని ఈ కాలపు పిల్లలు నవ్వితే నవ్వనీయండి, నా ఈడువాళ్లు మాత్రం నవ్వరు.

మాది సుల్తానాబాద్ దగ్గర ఒక పల్లె. నా చిన్నప్పుడు నన్ను కన్న అవ్వకు జ్వరం ముదిరి, కరీంనగర్ దవాఖానకు ఎడ్లబండిలో తీసుకపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నది నేనే, ఇగ అప్పటి నుంచి నాకు డాక్టరు కావాలన్నదొక్కటే పట్టు. నన్ను సాదింది బాపమ్మ, అంటే మా బాపును కన్న తల్లి. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన మా బాపు. చిన్నాయన, మా చిన్నబాపు, పోలీసు చర్యకు ముందటి గడబిడ రోజుల్లో పత్తి బండ్ల వెంట భైంసాకని పోయి మళ్లీ రాలే. మనిషి రాలే, శవం రాలే, కబురూ రాలే. చనిపోయిండనే ఊరంతా అనుకున్నది గాని బాపమ్మ ముందర ఆ మాటనే ధైర్యం ఎవరికీ లేకుండె. అందుకే ఆయనకు దినాలు చేయలే, కాకికి విస్తరి వేసి పిట్టకు పెట్టలే, ఇంట్లో ఆయన పేరెత్తుడే బందైంది.

నానా తిప్పలు పడి పట్నంలో డాక్టరు చదువుకు సీటు సంపాదించిన. మొదటి యేడాది పరీక్షలో ఎముకలదే పెద్ద గండం. మా కాలంలో బొమ్మలెక్కడివి? అన్నీ నిజం ఎముకలే, ముందటోళ్లు చదివి వెనుకటోళ్లకు ఇచ్చేది. నా వంతుకు వచ్చిన పుర్రె, చేతులు, కాళ్లు, పక్కటెముకలు గోనెసంచిలో కట్టి, పరీక్ష ముందటి సెలవులకు ఇంటికి తెచ్చి, నడిమి అర్రలో వడ్ల గుమ్మి వెనుక దాచిన. ఎవరికీ చెప్పలే. చెప్తే ఉంచుతరా!

పొద్దుగూకే యాళ్ల కందిలి ముందర పెట్టుకొని, ఒక్కొక్క ఎముకను చేతిలో పట్టుకొని పైకే వల్లె వేస్తుండేవాణ్ణి. ఒక పేరు చెప్పి ఆగితే ‘ఊఁ’ అని వినబడేది. ముసలోళ్లు కథ చెప్తుంటే పిల్లలు ఊఁ కొడతరు చూడండి, అట్లనే, మెల్లగ. బయట బాపమ్మ కూర్చొని కొడుతుందనుకొని నేను ఇంకింత హుషారుగ చదివేది. ఒకనాడు ఆ ఊఁ నా చెవిన పడుతుండగనే బాపమ్మ బర్రెను తోలుకొని బయటి నుంచి వాకిట్లకు వచ్చింది. ఇంట్లో మరో మనిషి లేడు. చేతిలోని ఎముకను కింద పెడదామంటే వేళ్లు విడిపడలే.

ఆమె గడప దగ్గరే ఆగింది. “నీకు ఊఁ కొట్టేటిది ఎవలురా? దినాం ఇంటున్న, నీ దోస్తు ఎవడన్న అచ్చిండనుకున్న,” అన్నది.

దాంతో సంచి బయటపడ్డది. బాపు అగ్గిమీద గుగ్గిలమైండు. తెల్లారేసరికి అది వాగుల కలవాలె, పరీక్ష పోతే పోనీ, నాగలి పట్టుకొని బతుకుమన్నడు. ఎముకలు లేకుంటే పరీక్ష లేదు, పరీక్ష లేకుంటే ఆ చదువు అక్కడికే సరి. నేను కాళ్లావేళ్లా పడ్డ. బాపమ్మ మాత్రం కేకలేయలే. సంచి పక్కన కూర్చొని, జ్వరమొచ్చిన పిల్లగాని నుదురు చూసినట్టు దాని మీద చెయ్యి పెట్టింది. “పాపం, వీనికి ఎవలూ పిట్టకు పెట్టలేదురా,” అన్నది. తీర్పు కూడా ఆమెనే చేసింది. పొద్దున పిట్టకు పెట్టాలె. పిట్ట ముడితే సంచి నాతో పట్నం పోతది, ముట్టకుంటే వాగుల కలుస్తది.

పోయినోళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెట్టి కాకి ముట్టేదాకా చూసుడు మన దిక్కు ఆచారమే కదా. ముట్టకుంటే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిందని, అయినవాళ్లు ఒక్కొక్కరు ముందుకొచ్చి నీ పిల్లలను చూసుకుంటమనో, నీ పొలం బీడు పడనియ్యమనో మాట ఇస్తరు. ఈయనకు ఏది ఇష్టమో ఎవరికి తెలుసు? బాపమ్మ బెల్లమన్నం, కోడికూర, పచ్చిపులుసు, ముంతెడు కల్లు, ఆఖరుకు బీడీ కూడా పెట్టింది. వాగు ఒడ్డున తుమ్మచెట్టు నిండ కాకులే. ఒక్కటి దిగలే. ఒక్కటి అరవలే. అన్ని కాకులు కిక్కురుమనకుండ మనుషుల దిక్కు చూస్తుంటే ఎట్లుంటదో నేను చెప్పలేను.

తెచ్చింది నేనే కాబట్టి నేనే ముందుకు పోయిన. చదువు కాంగనే నిన్ను మట్టి చేస్తనన్న. బీదోళ్లకు ఊరికే మందిస్తనన్న. పిట్ట కదలలే. ఎండెక్కింది. బాపు లేచి సంచి మూతి పట్టుకున్నడు. నా పని అయిపోయిందనుకున్న.

అప్పుడు బాపమ్మ విస్తరి ముందర కూలబడి, ఆ ఇంట్లో నేను ఎన్నడూ వినని పేరు పెట్టి గట్టిగ పిలిచింది. మా చిన్నబాపు పేరు.

“కొడుకా, ఇగ నేను నీ తొవ్వ చూడను. నా ఫికర్ వెట్టుకోకు. తిని పో బిడ్డా.”

ఒక కాకి దిగింది. బెల్లమన్నం ముట్టింది. బాపు సంచి వదిలి, ఇసుకలో కూర్చొని చిన్నపిల్లగాని తీరు ఏడ్చిండు.

ఆ సంచిలో ఉన్నది ఎవరో నాకు ఈ నాటికీ తెల్వదు, ఎముకలు పేరు చెప్పవు. నేను పరీక్ష పాసైన. తర్వాతి పిల్లలు అడిగినా ఆ సంచి ఇవ్వలే, తెచ్చి మా చేను గట్టున మట్టి చేసిన. ఇప్పుడు మా ఊర్లో కాకులే కరువైనయి. పిట్టకు పెట్టినోళ్లు కాసేపు చూసి, విస్తరి ఆవు ముందర పెట్టి, ఎవరి బండి వాళ్లు ఎక్కి పోతుండ్రు. వాళ్లను తప్పుపట్టను, ఎవరి తొందర వాళ్లది. ఎంతోమందిని బతికించినవని నన్ను అంటుంటే మాత్రం నాకు బాపమ్మనే యాదికొస్తది. అన్నేండ్లు బాపమ్మను నిలబెట్టింది కొడుకు వస్తడన్న ఆశ ఒక్కటే. నా చదువు ఆగొద్దని ఆ పొద్దు మా ముందర తన కొడుకు చచ్చిపోయిండని ఒప్పుకున్నది.