అహరోను పాత కెమెరా

"...మరి ఫొటో మసకగ వచ్చిందని ఏసమ్మను మళ్ల నీళ్లల్ల ముంచుమని పాస్టరుకు చెప్పాల్నా?" అంటోంది ఎల్సీ.

"ఎలుతురు సరిగ్గ లేకుండె," అన్నాడు ఆమె భర్త అహరోను.

"మిట్టమధ్యాహ్నం ఎలుతురు లేకుండెనా! గా డబ్బా పని అయిపోయింది. కొత్తది కొనుమంటే ఇనకపోతివి."

అహరోను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను మీద పనిచేస్తాడు, ఆదివారాలు చర్చిలో ఫొటోలు తీస్తాడు. రబ్బరు ఊడిన కెమెరాకు సైకిల్ ట్యూబు ముక్క అంటించుకున్నాడు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు నీళ్లలోంచి లేచి కళ్లు తెరిచే క్షణం కోసం ఊపిరి బిగబట్టి నిలబడతాడు. మూడు నెలలుగా ఆ ముఖాలన్నీ మసకగానే వస్తున్నాయి. అయినా కొత్త కెమెరా సంగతి ఎత్తితే మాట మారుస్తాడు. అతని తండ్రికి సరిగ్గా ఈ వయసులోనే చేతులు వణకడం మొదలైంది. కొత్తదానిలోనూ ముఖాలు మసకగానే వస్తే? ఈమధ్య చాయ్ గ్లాసును కూడా రెండు చేతులతో పట్టుకుంటున్నాడు.

ఎల్సీ లోపలికి వెళ్లాక కెమెరాను పిట్టగోడ మీద పెట్టి, ఎదురింటి ముందున్న బండి నంబరు ప్లేటు వైపు తిప్పాడు. పది సెకన్ల టైమర్ నొక్కి, రెండడుగులు వెనక్కి జరిగి చేతులు కట్టుకున్నాడు. తెర మీద అంకెలు అలుక్కుపోయినట్టు వచ్చాయి. కెమెరాను ముట్టుకోకుండానే తీసిన ఫొటో అది. మళ్లీ తీశాడు. మళ్లీ మసకే. అహరోను పెద్దగా నవ్వాడు.

"ఏందయ్యా, ఒక్కనివే గట్ల నవ్వుతున్నవ్?" అంటూ ఎల్సీ బయటికి వచ్చింది.

"కొత్త కెమెరా తీసుకుంటున్న," అన్నాడు.