సాలె బావా, ఇంక సాలె

మొన్న మా పెందుర్తి ఇంట్లో బూజు దులపడానికి మా ఆవిడ ఒక తగరపువలస అమ్మాయిని పిలిపించింది. ఆ అమ్మాయి స్టూలెక్కి, కొంగు ముక్కుకి చుట్టుకుని, బూజుకర్ర తిప్పుతుంటే నేను మంచం మీద కూర్చుని పర్యవేక్షణ చేస్తున్నాను, అంటే అడ్డం పడుతున్నానన్నమాట. అంతలో ఫ్యాను పక్కనుంచి రూపాయి బిళ్లంత సాలెపురుగు ఒకటి దారం పట్టుకుని సరిగ్గా ఆ అమ్మాయి నెత్తి మీదకి దిగడం కనబడింది. ఈ వయసులో కూడా ఆ పురుగుని చూస్తే నాకు మాట సగమే వస్తుంది. "సాలె! సాలె!" అని అరిచాను. "సాలా బాబూ? సరే," అని ఆ అమ్మాయి చక్కగా స్టూలు దిగి, కర్ర మూలన పెట్టి, చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. "సగం గది కూడా అవ్వలేదు, సాలంటారేటి? మతి గానీ పోయిందా?" అని మా ఆవిడ నన్ను దులపడం మొదలెట్టింది.

మా వైపు వాళ్లం 'చ' అనే అక్షరాన్ని ఎప్పుడో సముద్రంలో పడేశాం. చేపలు సేపలు, చెప్పు సెప్పు, చాలు సాలు. అందుచేత పురుగుని చూసి సాలె అన్నా, అన్నం వడ్డిస్తుంటే చాలే అన్నా మా నోట్లో రెండూ ఒకలాగే పలుకుతాయి. అది తల్చుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాను, ఎందుకంటే నలభై ఏళ్ల కిందట ఇదే మాటని నేను కూడా తిరగేసి విన్నాను. ఆ అమ్మాయి పొరపాటుకి సగం గది మిగిలిపోయింది. నా పొరపాటుకి మా బావ ఎడారిలో మిగిలిపోయాడు.

నేను ఆరో తరగతితో బడికి స్వస్తి చెప్పినవాణ్ణి. బడి నన్ను వెళ్లగొట్టిందని మా అమ్మ చెప్పుకునేది గానీ, నిజానికి నేనే దయతలచి దాన్ని వదిలేశాను. పెద్దయ్యాక పోర్టులో క్రేను కొక్కేలకి సరుకు తగిలించే పనిలో కుదిరాను. నోరు ఎక్కువ, భయం తక్కువ, ఒక్క సాలెపురుగు దగ్గర తప్ప. మా అక్కని చేసుకున్న బావకి ఈ సంగతి పెళ్లైన నెలలోనే తెలిసిపోయింది. ఒక మధ్యాహ్నం ఎండిపోయిన చిన్న పీత ఒకటి దారానికి కట్టి, నేను నిద్రపోతుంటే మెడ మీద ఆడించాడు. నేను లేచిన వేగానికి కోటవీధిలో మేమున్న ఒంటిగది ఇంటి గడప విరిగింది. అప్పట్నుంచి నా పేరు సాలె. బావ కాంట్రాక్టు వెల్డరు, ఉత్తరాది వాళ్లతో కలిసి ఓడల మీద పని చేసేవాడు, హిందీలో పెళ్లాం తమ్ముణ్ణి సాలా అంటారట, పిలిచేటప్పుడు సాలే అంటారట, తిట్టడానికీ అదే మాటట. "సూడు బావా, ఒక్క మాటలో నీ సుట్టరికం, నీ భయం, నీకు పడాల్సిన తిట్టు మూడూ వచ్చీసినాయి," అని మురిసిపోయేవాడు. వరసకి నేను అతనికి బావమరిదినే అయినా మా వైపు మగాళ్లందరూ ఒకరికొకరు బావలే గనక, ఇద్దరం బావా అనే పిలుచుకునేవాళ్లం.

నా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని డెబ్బైల్లో ఎంత ఆశపడ్డామో. శంకుస్థాపన రాయి పడింది, ఆ తరవాత ఏళ్ల తరబడి రాయే మిగిలింది. ఫ్యాక్టరీ మొదలైతే వెల్డర్లకి పండగే అని బావ ఎదురుచూసి ఎదురుచూసి, ఎనభైల మొదట్లో ఇక ఓపిక చచ్చి, ఒక ఏజెంటు మాట నమ్మి గల్ఫుకి ఎక్కేశాడు. అక్కడ ఎడారి మధ్యలో గొట్టాలు అతికే పని. అక్కకి చదువు రాదు, నా చదువు సంగతి మీకు చెప్పాను, అందుచేత ఉత్తరాలు కాకుండా కేసెట్లు పంపేవాడు. రెండు మూడు నెలలకొకసారి ఊరికొచ్చే వాళ్లెవరో తెచ్చిచ్చేవారు. పక్కింటి వాళ్ల టేపురికార్డరు అరువు తెచ్చి మా గదిలో బల్ల మీద పెడితే, అక్క దానికెదురుగా మంచి చీర కట్టుకుని కూర్చునేది, బావ అందులోంచి చూస్తాడన్నట్టు.

కేసెట్టులో ముందు అక్కకి నాలుగు మాటలు, అమ్మకి రెండు, ఆఖర్న మిగిలిందంతా నాకు. నన్ను భయపెట్టడానికి సముద్రాలు దాటి వెళ్లినట్టు అన్నీ పురుగుల కబుర్లే. మొదటిదాంట్లో ఒంటె సాలీడు గురించి చెప్పాడు. అరచెయ్యంత ఉంటుందట, మనిషిని చూస్తే వెంటబడి తరుముతుందట. నాకు విన్నంతసేపూ కాళ్లు మంచం మీద పెట్టుకోవాలనిపించింది. తీరా చివర్న బావ గొంతు తగ్గించి, "ఆగి సూడు బావా, అదీ ఆగిపోతాది. దానికి నువ్వక్కర్లేదు, నీ నీడ గావాల. ఎండకి తాళలేక నీడ కోసం పరిగెడతాది, పాపం, ఇసం కూడా లేదు దానికి," అన్నాడు. రెండోదాంట్లో తేళ్లు: ఒక్కసారి తింటే నెలల తరబడి తిండి లేకుండా కన్నంలో కదలకుండా పడుంటాయట. మూడోదాంట్లో ముళ్లతోక ఉడుం లాంటిదొకటి: పుట్టి బుద్ధెరిగి నీళ్లు తాగదట, ఆకుల్లో ఉన్న తడితోనే బతుకు లాగించేస్తుందట.

ఇవన్నీ పట్టుకెళ్లి నేను పోర్టు గేటు ముందు టీ బడ్డీలో అమ్ముకునేవాణ్ణి. ఒక టీ, ఒక బిస్కెట్టు తప్ప వచ్చిన డబ్బేం లేదు, వచ్చిన పేరు మాత్రం గొప్పది, ఎడారి మాస్టారు. ఆరో తరగతిగాడు ఉడుం ఎలా బతుకుతుందో ఉపన్యాసం ఇస్తుంటే క్రేను డ్రైవర్లు టీ చల్లారబెట్టుకుని వినేవారు. భయం కూడా చిత్రమైనది, దాని గురించి నాలుగు ముక్కలు తెలిస్తే దాని మీద పెత్తనం వచ్చినట్టుంటుంది. కొత్త కేసెట్టు ఎప్పుడొస్తుందా అని అక్క కంటే నేనే ఎక్కువ ఎదురుచూసేవాణ్ణి, బావ కోసం కాదు, పురుగుల కోసం. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగో కేసెట్టులో ఒక నల్ల పురుగు వచ్చింది. ముట్టుకుంటే చచ్చిపోయినట్టు కాళ్లు పైకెత్తి పడుంటుందట, ముట్టుకున్నవాడు అటు వెళ్లగానే లేచి తన దారిన పోతుందట. ఆ తరవాత టేపులో ఏదో మిషను చప్పుడు, గాలి చప్పుడు. అప్పుడు మెల్లిగా, "సాలె బావా... సాలె. ఇంక సాలె," అన్నాడు. టక్కుమని కేసెట్టు ఆగిపోయింది. అక్క నా వైపు చూసింది. నేను పగలబడి నవ్వాను. "సూసేవా అక్కా, ఆకర్న కూడా నన్ను తిట్టకుండా ఆపలేకపోయేడు," అన్నాను. అక్కా నవ్వింది, అమ్మా నవ్వింది. మరునాడు టీ బడ్డీలో అదే గొంతుతో "సాలె బావా" అని చేసి చూపిస్తే అందరూ నవ్వారు.

ఆ తరవాత ఇంక కేసెట్టు రాలేదు.

రెండు నెలలు చూశాం, మూడు చూశాం. ఊరికొచ్చిన వాళ్లందర్నీ అడిగాం, ఎవరూ ఆ చోటు ఎరగరు. అయిదో నెల్లో ఒక మనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఎలమంచిలి వాడు, బావ ఉన్న షెడ్డులోనే ఉండేవాడట, కామెర్లొచ్చి పనికి రాడని పంపేశారట. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. అక్క ఇచ్చిన మంచినీళ్లు తాగలేదు, గ్లాసు చేత్తో పట్టుకుని నా వైపే చూస్తూ, "ఏటి సేసేరు మరి?" అన్నాడు.

"దేనికి?" అన్నాను.

"దేనికేటి! మీ బావ సెప్పేడు కదా కేసెట్లో. నా పక్కనే కూకుని సెప్పేడు. సాలు, ఇంక నా వల్ల కాదు, ఎలాగోలా పిలిపించండి అని."

"అలాటిదేటీ సెప్పలేదే. పురుగుల కబుర్లు సెప్పేడు, నన్ను సాలె అని తిట్టేడు, అంతే."

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. అప్పుడు చెప్పాడు సంగతంతా. పాసుపోర్టులు ఏజెంటు మనిషి పెట్టెలో ఉంటాయి. జీతం మాటెత్తితే ఆ వారం నీళ్ల ట్యాంకరు రాదు. కేసెట్లన్నీ ఆ మనిషే ముందుగా విని, కష్టం మాట ఉంటే చెరిపేసి, లేకపోతేనే పంపిస్తాడు. వాడూ తెలుగువాడే, కాకపోతే గుంటూరు వైపు వాడు. "మన సకారం ఆడికేటి తెలుసు? సాలె అంటే బావమరిదిని హిందీలో ఏళాకోళం ఆడతన్నాడు అనుకున్నాడు, వదిలేసేడు. మీ బావ ఆ రేత్రి ఎంత సంబరపడ్డాడో. ఆడికి తెలీదు, మావోళ్లకి తెలుస్తాది, మావోడు మా బాస ఎరిగినోడు, అన్నాడు నీ గురించి." ఆయన ఆగి, "తెలీలేదా మీకు?" అన్నాడు.

ఆ గుంటూరువాడికి అర్థం కాకూడదని దాచిన మాట వాడికి అర్థం కాలేదు, మాకూ కాలేదు. మా మాట మాకే తెలియలేదు.

ఆయన వెళ్లాక అక్క బైబిలు పక్కన దాచిన నాలుగు కేసెట్లూ తెచ్చి ముందు పెట్టింది. ఒక్కొక్కటీ మొదట్నుంచీ విన్నాం. నీడ కోసం పరిగెత్తే సాలీడు. నెలల తరబడి తిండి లేకుండా కన్నంలో పడుండే తేలు. నీళ్లు ముట్టని ఉడుం. చచ్చినట్టు పడుండి, చూసేవాడు పోయాక లేచే పురుగు. అక్క రెండోదాని దగ్గరే మొహం కప్పేసుకుంది. "ఇయ్యి పురుగులు కావురా తమ్ముడూ," అంది. "ఈయన." నేను ఎన్నాళ్లుగానో టీకీ బిస్కెట్టుకీ అమ్ముకున్నది మా బావ ఆకలినీ దాహాన్నీ.

ఏజెంటు ఆఫీసుకి వెళితే బోర్డు పీకేసిన మేకులు మిగిలాయి. అక్క అన్నం మానేసి గుమ్మంలో కూర్చుండిపోయింది, ఎవరేం పెట్టినా ఆయన తిన్నాడో లేదో అనేది. నేను అర్జీ రాయించుకుని, అరువు టేపురికార్డరు చంకన పెట్టుకుని, గుమ్మం గుమ్మం తిరిగాను. ఒక ఆఫీసులో చివరికి ఒకాయన దయతలిచి రుజువేమిటన్నాడు. కేసెట్టు పెట్టాను. ఆయన మా ప్రాంతం వాడు కాదు, శ్రద్ధగానే విన్నాడు, విని కళ్లజోడు తీసి, "మిమ్మల్ని తిడుతున్నాడు కదయ్యా, దీనికి మేమేం చేస్తాం?" అన్నాడు. మళ్లీ పెట్టాను. మళ్లీ తిట్టే వినబడిందాయనకి. అరిగిపోయిన టేపు కదా, సాలె అన్నది సాలే అని సాగి హిందీ తిట్టులాగే వినబడుతోంది. మూడోసారి పెడుతుంటే గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చున్న ముసలి బంట్రోతు లేచొచ్చాడు. విజయనగరం అవతల పల్లెటూరి మనిషి. తల పక్కకి వంచి విన్నాడు.

"అయ్యా, తిట్టు కాదండీ అది," అన్నాడు. "ఆ మనిసి ఏడత్తన్నాడు. సాలు, సాలు అంటన్నాడు."

ఆఫీసరు బంట్రోతు మొహంలోకి చూసి, అర్జీ తీసుకున్నాడు. అక్కణ్ణుంచి ఎన్ని కాగితాలు ఎన్ని చోట్లకి వెళ్లాయో నాకు తెలీదు, మరో ఎనిమిది నెలలు పట్టింది. బావ రైలు దిగినప్పుడు నేను పక్కనుంచి దాటిపోయాను, గుర్తుపట్టలేక. అక్క గుర్తుపట్టింది.

అప్పటికి ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు లేస్తున్నాయి, వెల్డర్ల కోసం మనుషులు ఇల్లిల్లూ అడుగుతున్నారు. బావ వెళ్లలేదు. నిప్పు వెలుగు చూడలేనన్నాడు. గ్రిల్లులకి రంగులేసే చిన్న పని పెట్టుకున్నాడు, ఎప్పుడు చూసినా గోడ నీడనే కూర్చుని చేసేవాడు, నీడ జరిగితే తనూ జరిగేవాడు. నన్ను మళ్లీ ఎప్పుడూ సాలె అని పిలవలేదు. ఏడిపించడం మానేశాడు. ఇంట్లో అన్నం పెడుతున్నా వద్దనడానికి చెయ్యి అడ్డం పెట్టేవాడు గానీ సాలు అనే మాట అనేవాడు కాదు. నేను క్షమించమని అడగడానికి నోరు తెరిస్తే జోకులొచ్చేవి, అదే నా ఖర్మ.

ఒక్కసారి, వచ్చిన రెండేళ్లకి కాబోలు, ఫిషింగ్ హార్బరు దగ్గర రాళ్ల మీద కూర్చున్నాం. ఎండపెట్టిన చేపల మీద కాకులు వాలుతున్నాయి. బావ సముద్రం చూస్తూనే, "ఆ నాలుగో కేసెట్టు ఇన్నాక," అన్నాడు, "నవ్వేరా బావా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. "నవ్వేం బావా," అన్నాను. "అందరం నవ్వేం."

బావ ఒక రాయి తీసి కాకుల వైపు విసిరాడు. తరవాత, "పోన్లే, ఆ రోజు మీకు ఆ నవ్వయినా దక్కింది," అన్నాడు.

ఆ మాటకి అర్థం ఈ రోజుకీ నాకు పూర్తిగా తెలీదు. అడుగుదామంటే బావ పోయి కూడా చాలా ఏళ్లయింది.

ఇప్పుడు గల్ఫులో ఉన్నవాళ్లు ఫోనులో మొహం చూపిస్తూ మాట్లాడతారు, ఏ కష్టమైనా దాచకుండా చెప్పుకోవచ్చు, అది మంచిదే. మా పిల్లలు టీవీ తెలుగు నేర్చి చాలు అని శుభ్రంగా 'చ' పెట్టి పలుకుతారు, వాళ్లకి సాలెపురుగు వేరు, చాలడం వేరు. ఆ తగరపువలస అమ్మాయి నోట్లో మాత్రం రెండూ ఇంకా ఒకటే. సగం గదిలో బూజు అలాగే ఉంది, దులిపించవద్దన్నాను. ఆ పురుగు మూలన నీడ చూసుకుని కూర్చుంది. దాన్ని చూస్తే ఇప్పటికీ భయమే, అయినా ఉండనిచ్చాను.

మా ఇంట్లో భోజనాల దగ్గర ఎవరైనా సాలు అంటే నేను గరిటె ఆపి, "ఏ సాలు?" అని అడుగుతాను. ముసలాయన మళ్లీ మొదలెట్టాడని అందరూ నవ్వుతారు. నవ్వనిస్తాను. కానీ వాళ్ల మొహంలోకి చూసి, జవాబు చెప్పేదాకా గరిటె కదపను.