అవ్వను నేపాల్ చలికి ఒప్పజెప్పిన వైనం

మా అవ్వను చంపినంత పని చేసినవాణ్ని నేనే. నవ్వకండి, ఇప్పటికీ స్వెటర్ కనబడితే దండం పెడతాను.

అప్పుడు నేను ఆత్మకూరులో డిగ్రీ చదువుతున్నాను. మే నెల సెలవుల్లో అవ్వను నేపాల్‌లోని ముక్తినాథ్‌కు తీసుకెళ్లే పని నాయన నాకు అప్పగించాడు. మా ఊరు ఉదయగిరిలో కొండరాళ్లు పెనంలా కాలుతున్న రోజులు. నేపాల్‌లో ఎండ ఎంతుందోనని ఫోన్‌లో చూశాను. సరిహద్దు దగ్గరి ఏదో ఊరిది చూపించింది. మనకంటే కాస్త తక్కువ, అంతే. ఉదయగిరి మండితే ఆత్మకూరూ మండుతుంది, పక్కదేశమైనా అంతే కదా అనుకున్నాను.

"రగ్గు పెట్టుకోరా," అంది అవ్వ.

"పక్కదేశమే గదవ్వా. అదే సూరీడు, అదే ఎండ."

రగ్గు పక్కనబెట్టి సంచిలో సబ్జా గింజలు పెట్టాను. వడదెబ్బ తగలకుండా అవ్వ చెంగున ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, కూడా కట్టాను. అంత ముందుచూపు నాది.

జీపు కొండెక్కేకొద్దీ నా ధైర్యం దిగింది. ముక్తినాథ్‌లో చుట్టూ మంచుకొండలే. గాలి చెంపలు వాయించింది. వద్దంటే వినకుండా అవ్వ గుడి వెనక మంచునీటి ధారల కింద తడిసింది. బయటికొచ్చేసరికి పెదాలు నీలం.

"ఒరే, ఎండ యాడుండాదిరా?"

నా చొక్కా విప్పి కప్పాను. పళ్లు టకటకమన్నాయి. అవ్వవి కాదు, ఆమెకు పళ్లెక్కడివి, నావే.

సరిగ్గా అప్పుడే నాయన ఫోన్.

"అవ్వ ఎట్టుండాదిరా?"

"బాగుండాది నాయనా."

"ఫోనియ్యి."

"దండం పెట్టుకుంటా ఉండాది," అని కోత కోసి ఫోన్ పెట్టేశాను.

అంతలో అవ్వ వణకడం మానేసి కళ్లు మూసుకుంది. పిలిస్తే పలకలేదు. తాత పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసి నాయనను పెంచిన మనిషి. ఆమెను ఈ మంచులో పోగొట్టుకుని ఏ మొహంతో ఊళ్లో అడుగుపెట్టాలి?

ఎత్తుకుని పక్కనున్న హోటల్లోకి పరిగెత్తాను. ఆ హోటల్ నడిపే ఇల్లాలు అవ్వకు పొడిచీర చుట్టి, పొయ్యి పక్కన పడుకోబెట్టి, మందపాటి బొంత కప్పి వేడి టీ తాగించింది. కాసేపటికి అవ్వ కళ్లు తెరిచింది. నేను భోరున ఏడ్చేశాను.

"ఇంటికి పోదాం పా అవ్వా."

అవ్వ బొంతను గడ్డందాకా లాక్కుంది.

"యాడికి, ఆ మంటల్లోకా? ఎండలు తగ్గేదాకా నేను రాను. నువ్వు బో. మీ నాయనకు నువ్వే చెప్పుకో."

నాకు మళ్లీ వణుకు మొదలైంది, ఈసారి పొయ్యి పక్కనే.

అందుకే ముక్తినాథుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ రెండు దేశాల ఎండనూ పోల్చను. పోల్చినా, అవ్వకు వినబడేలా పోల్చను.