విడిపోని చీరలు

నల్లగొండలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరిన కొత్తలో జరిగింది. ఆ రోజు పాఠం గ్రాఫైట్. నేనెలా చెబుతానో చూడాలని ప్రిన్సిపాల్ గారు వెనక బెంచీలో కూర్చున్నారు.

ఇంటి నుంచి తెచ్చిన పట్టుచీరలను బల్ల మీద దొంతరగా పేర్చాను. "ఒక్కో చీర ఒక్కో పొర. పొరలో ప్రతి కార్బన్ పరమాణువు పక్కనున్న మూడింటిని గట్టిగా పట్టుకుంటుంది. పొరల మధ్య మాత్రం బంధం బలహీనం. అందుకే జారిపోతాయి, పెన్సిల్ రాస్తుంది" అంటూ పై చీరను నెట్టాను. దాని వెంట కింది చీర కూడా వచ్చి, దొంతరంతా నేలమీద పడింది. క్లాసంతా ఒకటే నవ్వు.

"మేడం, గా రెండు చీరలు విడిపోలే!" అని ముందు బెంచీ అమ్మాయి అరిచింది.

అవి మా బాపు మగ్గం మీద నేసిన ఆఖరి చీరలు. ఒకే పడుగు మీద వరసగా నేసి, మధ్యలో నేయకుండా వదిలిన దారాల దగ్గర తర్వాత కోస్తారు. "ఒకటి నీకు, ఒకటి అక్కకు. ఇద్దరు కలిసి కోసుకోన్రి బిడ్డా" అని ఇచ్చి, కొన్నాళ్లకే పోయాడు. పొద్దున హడావిడిలో బీరువాలోంచి వాటినీ తెచ్చేశాను. ఆ దారాలు చేతికి తగలగానే అందరి ముందూ ఏడ్చేశాను.

ఇప్పటికీ అక్క వచ్చినప్పుడల్లా కత్తెర తీస్తాం. కాసేపు ఆ దారాలు నిమిరి, చీరలు మడిచి మళ్లీ లోపల పెట్టేస్తాం.