కంది బస్తాల గదిలో నా పుట్టిల్లు

మా అత్తమ్మ పోయిందని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను వార్డులో ఒక బాలింతకు బీపీ చూస్తున్నాను. చేతికి చుట్టిన పట్టీ విప్పి, కాగితం మీద రాయవలసింది రాసి, ఆ తర్వాతే కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. గల్లీలో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా "మా కోడలిని పిలువుండ్రి" అనే మనిషి, తన వంతు వచ్చేసరికి నన్ను పిలవకుండానే వెళ్లిపోయింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఆమె దేవత అని మీకు చెప్పబోవడం లేదు. నోరు పెద్దది. నాగల్‌గిద్ద దాటిన తర్వాత తెలుగు, కన్నడం కలిసిపోయే పల్లెలో పుట్టింది. కోపమొస్తే రెండు భాషల్లోనూ తిట్టేది. నేను చేసిన పప్పు ఏనాడూ బాగుందనలేదు. రెండోసారి వడ్డించుకుంటే బాగున్నట్టు లెక్క.

పెళ్లయిన రెండో ఏడు నాకు బీఎస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చింది. నారాయణఖేడ్ నుంచి రోజూ బస్సులో పోయి రావలసిన కాలేజీ. చేరిన మూడో వారంలో నెల తప్పిందని తెలిసింది. సంతోషమూ భయమూ ఒక్కసారే వచ్చాయి. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. ఒక్క ఏడాది పోతే మళ్లీ కాలేజీకి పంపుతారన్న నమ్మకం నాకు లేదు. అత్తమ్మ మొదట అన్న మాట కూడా అలాగే ఉంది.

"ఇగ చదువేంది? కాలేజోళ్లకు చెప్పి బందు పెట్టు."

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు ఆమే నన్ను దవాఖానకు తీసుకుపోయింది. నాకు సూది వేసిన సిస్టర్ బల్ల పట్టుకొని మెల్లగా కుర్చీలోంచి లేవడం చూసి, "ఎన్నో నెల బిడ్డా?" అని అత్తమ్మ అడిగింది. "ఎనిమిది పడ్డదమ్మా" అంది ఆ సిస్టర్. ఆటోలో తిరిగొచ్చాం. ఇల్లు దగ్గర పడ్డాక అత్తమ్మ అంది:

"గా సిస్టరమ్మ ఎనిమిదో నెలల నిలవడి మందికి సూదులేస్తుంది. నీకు రెండో నెలనే. ఇగ నీకేంది?"

తప్పయిందని చెప్పడం ఆమెకు ఆ మాత్రమే వచ్చు.

మర్నాటి నుంచి నాకంటే ముందు ఆమే బస్టాండుకు తయారు. బస్సు ఆగీ ఆగకముందే ఎక్కి, డ్రైవర్ వెనక సీటులో కూర్చునేది. నేను నిదానంగా ఎక్కాక నన్ను అక్కడ కూర్చోబెట్టి, జొన్నరొట్టెల డబ్బా ఒళ్లో పెట్టి, "గుంతలు జూసి నడుపు" అని డ్రైవర్‌ను గదమాయించి దిగేది. ఒకరోజు గదమాయింపు ఎక్కువై బస్సు కదిలిపోయింది. పక్క స్టాపులో దిగింది. అక్కడి నుంచి ఇంటిదాకా నడిచే వచ్చిందని సాయంత్రం పక్కింటివాళ్లు చెబితేనే నాకు తెలిసింది.

ఏడో నెలలో అసలు పరేషాన్ మొదలైంది. తొలి కాన్పుకు ఒడి నింపి పుట్టింటికి తీసుకుపోవడం మా ఆచారం. మా అమ్మవాళ్లది మనూర్ దగ్గర పల్లె. అక్కడి నుంచి కాలేజీ బస్సు అందుకోవడం అయ్యే పని కాదు. పోతే హాజరు పోతుంది. పోకపోతే తల్లికి మాట వస్తుంది. అమ్మ బియ్యం, పసుపు, చీర పట్టుకొని వచ్చింది. అత్తమ్మ ఒడి నింపించింది, అందరికీ అన్నం పెట్టింది. తర్వాత మా అమ్మ చేతిలో ఒక తాళంచెవి పెట్టింది. పెరట్లోకి వేరే తలుపున్న కంది బస్తాల గది తాళంచెవి అది. బస్తాలన్నీ అంతకు ముందురోజే తీయించి, గదికి సున్నం వేయించి, ఒక మంచం, ఒక పొయ్యి పెట్టించింది.

"అల్లుని ఇంట్ల నేనెట్ల ఉండాలె వదినె? నలుగురు ఏమంటరు?" అంది అమ్మ.

"ఇది నీ అల్లుని ఇల్లు ఎట్లయితది? తాళం నీ చేతులున్నది. ఇయ్యాల్టి సంది గీ గది నీది. నీ బిడ్డను నీ ఇంటికి తీస్కపో."

అలా నేను పుట్టింటికి పోయాను. దూరం పది అడుగులు. అత్తమ్మ గడప దాకా వచ్చి, సాగనంపి, నిజంగానే కళ్లు తుడుచుకుంది. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

ఆ తర్వాత కాన్పు దాకా రెండు నెలలూ ఆమె ఆ గదికి చుట్టంలాగానే వచ్చింది. గడప బయట నిలబడి "వదినె, ఉన్నవా?" అని పిలిచేది. అమ్మ రమ్మన్నాకే లోపలికి అడుగు పెట్టేది. ఒకసారి నేను కళ్లు తిరిగి మంచం మీద కూలబడితే ఆ చప్పుడుకు పరుగున లోపలికి వచ్చేసింది. నా ముఖాన నీళ్లు చల్లి, నేను కళ్లు తెరిచాక గుర్తొచ్చి, బయటికి పోయి నిలబడి, "వదినె, రావొచ్చా?" అంది. ఆ రోజు మా అమ్మ పడీపడీ నవ్వింది. వాళ్లిద్దరూ ఒకరికొకరు అలవాటైంది ఆ రోజునే అనుకుంటాను.

పాప పుట్టింది. మామూలు కాన్పే. మొదటి పేపరు నాటికి దానికి పదకొండు రోజులు. ఇరవై ఒకటో రోజు దాకా బాలింత గడప దాటకూడదని అమ్మ ఏడ్చింది. అత్తమ్మకు ఆ పట్టింపు అమ్మకంటే ఎక్కువ. రాత్రంతా ఏం ఆలోచించుకుందో, పొద్దున్నే దవాఖానకు పోయి డాక్టరమ్మను అడిగి వచ్చింది.

"పోవచ్చంట. గాలి తగులుతదనే గద మన భయం? తగలకుంట కడ్తా."

పరీక్ష రోజు నా చెవుల్లో దూది పెట్టి, తల చుట్టూ ఉన్ని గుడ్డ బిగించి కట్టింది. మండే ఎండాకాలం. అద్దంలో చూసుకునేసరికి ఏడుపు ముంచుకొచ్చింది.

"ఇట్ల పోతే అందరు నవ్వుతరు అత్తమ్మా. నేను పోను."

ఆమె నన్ను తిట్టలేదు. పెట్టెలోంచి ఇంకో ఉన్ని గుడ్డ తీసింది. తన చెవుల్లోనూ దూది పెట్టుకుంది. గడ్డం కింద నాకు వేసినట్టే గట్టిగా ముడి వేసుకుంది.

"నవ్వేటోళ్లు ఇద్దర్ని జూసి నవ్వుతరు. నడువు."

కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె చేతిలోని పాపను, మా ఇద్దరి తలలను మార్చి మార్చి చూశాడు. "బాలింతెవరమ్మా?" అన్నాడు.

"ఇద్దరం" అంది అత్తమ్మ.

పేపరు రాసి బయటికి వచ్చేసరికి ఆమె గోడ నీడలో కూర్చుని ఉంది. పాప ఒళ్లో నిద్రపోతోంది. అత్తమ్మ ముఖమంతా చెమట. అది పాప మీద పడకుండా మాటిమాటికీ మోచేత్తో తుడుచుకుంటోంది. గడ్డం కింది ముడి మాత్రం విప్పలేదు.