డబ్బాలో ఉండిపోయిన ఆయిలు

మొన్న సోమవారం ఏలూరులో కారును సర్వీసింగుకిచ్చాను. ముప్పై యేళ్ళకు పైగా ఆయిలు నా చేతులతో నేనే మార్చుకున్నవాణ్ణి, ఇక కారు కిందకి దూరడం మా వల్ల కాదని మోకాళ్ళు తేల్చి చెప్పేశాక, మా అమ్మాయి పోరు పడలేక ఒప్పుకున్నాను. చల్లటి గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అద్దానికవతల నా కారును అమాంతం పైకెత్తేశారు. కిందనుంచి ఎవరో ఏదో విప్పుతున్నారు, నేను చూస్తూ కూర్చున్నాను. ఉండబట్టలేక లేచి వెళ్ళి, ఆయిలు పోశారో లేదో ఒకసారి ఇంజనులో ఆయిలు కొలిచే పుల్ల తీసి చూడనివ్వమని అక్కడి అమ్మాయిని అడిగాను. "మీరు కూర్చోండి అంకుల్, అయిపోయాక నేనే పిలుస్తానండి" అంది మర్యాదగా. నాలుగోసారి అడిగేసరికి ఆ పిల్ల మొహంలో జాలి కనిపించింది. చాదస్తం అనుకుని ఉంటుంది. చాదస్తమే, కాదనను. కానీ దానికో కారణముంది, ఇన్నేళ్ళూ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు, నా యీడువాళ్ళయితే అర్థం చేసుకుంటారని ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

ఆ రోజుల్లో నేను తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో గుమాస్తాని, ఇల్లేమో కొల్లేటి వైపు పల్లెలో. నాన్నగారు ముచ్చటపడి ఎవరో వాడిన కారొకటి కొన్నారు. స్టీరింగు ఏనాడూ ముట్టుకోలేదు గాని, భుజాన తుండు వేసుకుని ముందు సీట్లో కూర్చుని, మోచెయ్యి కిటికీ బయటపెట్టి ఊరంతా చూసుకుంటూ వెళ్ళడమంటే ఆయనకి మహా సరదా. గూడెంలో స్పేర్ పార్టుల కొట్టున్న మా మేనమామ నాకు ఆయిలు మార్చడం నేర్పించాడు. అయితే కారు కిందకి దూరాలంటే గొయ్యి కావాలి కదా, అది మాకు లేదు. అందుకని ఎండాకాలం దాళ్వా పంట కోతలైపోయి కాలువలకి నీళ్ళు కట్టేసే దాకా ఆగేవాళ్ళం. పశువులపాక పక్కనుంచి పొలాలకి నీళ్ళు పోయే పంటబోదె అప్పటికి ఎండిపోయేది. బోదెకి అటు రెండు చక్రాలు, ఇటు రెండు చక్రాలు వచ్చేలా కారు నిలిపి, నేను బోదెలో గోనెపట్టా పరుచుకుని పడుకునేవాణ్ణి. అందరి కార్లకీ కిలోమీటర్ల లెక్కయితే మా కారుది కాలువల లెక్కని మేనమామ ఎగతాళి చేసేవాడు. దిగిన నల్లటి ఆయిలు మాత్రం నాన్నగారి సొత్తు. బ్రష్షు పట్టుకుని పాక గుంజలకి చెదలు పట్టకుండా తనే పూసుకునేవారు, ఇంకెవర్నీ పూయనిచ్చేవారు కాదు.

ఒక యేడు అలాగే ఆదివారం పొద్దున్నే పాత ఆయిలంతా దింపి, కింద బోల్టు బిగించి, కొత్త డబ్బా మూత తియ్యబోతుండగా అమ్మ అరుగు మీదనుంచి ఆపింది. మా అమ్మకి పంచాంగం చూడనిదే పచ్చడి కూడా కలపడానికి మనసొప్పేది కాదు. "వర్జ్యం వచ్చేసింది రా. గంటన్నరలో పోద్ది, అప్పుడు పోద్దువుగాని" అంది. నాకేం తొందర, ఆకలి కూడా వేస్తోంది, డబ్బా అరుగు మీద పెట్టేసి, చేతులు కడుక్కుని ఉప్మా ముందు కూర్చున్నాను.

సగం తిన్నానో లేదో పాక దగ్గర ఏదో పడిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే బ్రష్షు కింద ఉంది, నాన్నగారు గుంజకి ఆనుకుని జారిపోయి ఉన్నారు, మూతి ఒకపక్కకి పోయింది, మాట రావడంలేదు. ఎలా ఎత్తామో, ఎలా వెనక సీట్లో పడుకోబెట్టామో నాకు గుర్తులేదు. అమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. నేను తాళం తిప్పాను. బండి కదిలింది. అరుగు మీద డబ్బా అలాగే ఉంది, దాని పక్కనుంచే వెళ్ళాం, ఇద్దరిలో ఒక్కరమూ చూడలేదు. ఆయిలు లేదని చెప్పే ఎర్రలైటు మా కారులో ఎప్పుడో మాడిపోయింది.

ఏడెనిమిది కిలోమీటర్లు బాగానే పోయింది. తర్వాత ఇంజను రాళ్ళు నూరుతున్నట్టు అరిచి, బిగుసుకుపోయి ఆగిపోయింది. రెండు పక్కలా చేపలచెరువులు, తలదాచుకోను చెట్టన్నది లేదు, నెత్తిన ఎండ. బానెట్టు ఎత్తి పుల్ల బయటికి లాగితే పొడిగా ఉంది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. ఆ పుల్లనలాగే పట్టుకుని రోడ్డుకి అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాను. ఏమైందని అమ్మ అడిగితే ఇంజను వేడెక్కిందని చెప్పాను. ఆవిడ నా చేతిలోని పుల్లవైపు చూసింది. కొంగుతో నాన్నగారికి విసురుతూనే ఉంది.

ఎంతసేపటికో ఒక చేపల వ్యాను వచ్చింది. డ్రైవరు పుణ్యాత్ముడు, ఐసు పెట్టెలు పక్కకి జరిపి మధ్యలో చోటు చేశాడు. ఏలూరు ఆసుపత్రిలో డాక్టరుగారు, ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదని ఒక్కమాట అన్నారు. నాన్నగారు మరో తొమ్మిదేళ్ళు బతికారు. మాట కాస్త కూడుకుంది గాని కుడిచెయ్యి తిరిగి రాలేదు. కారు బాగుచేయించాక కూడా ముందు సీట్లోనే కూర్చునేవారు, ఆ చెయ్యి మాత్రం కిటికీ మీదకెక్కేది కాదు.

పరామర్శకొచ్చిన వాళ్ళందరితోనూ అమ్మ ఒకటే మాట. "నేను ఆపకపోతే వాడప్పుడే పోసేసేవాడండీ. అంతా నావల్లే." నేను అక్కడే నిలబడి వినేవాణ్ణి. ఆ తప్పు ఆవిడ మోస్తున్నంతసేపూ నా బరువు కాస్త తగ్గినట్టుండేది, అందుకే నోరు మెదపలేదు, సిగ్గు విడిచి చెబుతున్నాను. అమ్మ ఆ తర్వాత పంచాంగం తెరవలేదు. ఏటా కాలువలు కట్టేశాక నేను ఆయిలు మార్చి బోదెలోంచి లేచేసరికి వచ్చి, ఖాళీ డబ్బా తీసుకుని చెవి దగ్గర ఊపి చూసి, చప్పుడు లేదని రూఢి చేసుకుని లోపలికి వెళ్ళిపోయేది. పోయే ముందు ఏడాది కూడా, గోడ పట్టుకుని వచ్చి ఊపింది.

ఇప్పుడా రోడ్డు వెడల్పయింది, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, ఆయిలు తగ్గితే కారే చెబుతుంది. మొన్న పనైపోయాక సర్వీసింగు దగ్గరి ఆ అమ్మాయి నన్ను పిలిచి, నాలుగుసార్లు అడిగాను కదా, పుల్ల తీసి చూపించింది. ఆయిలు గీతదాకా ఉంది, తేనె రంగులో. ఖాళీ డబ్బా ఉంటే ఇస్తారా అని అడిగాను. డబ్బాలెక్కడివండీ, డ్రమ్ములోంచి పైపుతో పట్టేస్తామంది.

వట్టి చేతులతో ఇంటికొచ్చాను. అమ్మ డబ్బా ఊపుతుంటే ఏటా ఎదురుగా నిలబడి చేతులు తుడుచుకున్నాను. మర్చిపోయింది నేనమ్మా, నువ్వు కాదు అనడానికి ఎంతసేపు పట్టేది.