మూడో కొలత

ఏప్రిల్ 15, ఉదయం 11 గంటల 42 నిమిషాలు. రెండు విశ్వవిద్యాలయాలు ఆమెకు డాక్టరేట్ సీటిచ్చాయి. పన్నెండులోగా ఒకదానికి ఒప్పుకోకపోతే రెండూ పోతాయి. ఆమె మాత్రం తల్లి జ్వరం మూడోసారి చూస్తోంది. ప్రయోగశాల అలవాటు కొద్దీ మూడుసార్లు కొలవనిదే దేన్నీ నమ్మదు. వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూస్తుంది. టీలో చక్కెర సరిపోయిందని తేలేసరికి కప్పు సగమవుతుంది. అక్క పెట్టిన పేరు "మూడోసారి".

"నా జ్వరమెక్కడికీ పోదు గానీ, నీ సీటు పోతుందే," అంది తల్లి, నోట్లో థర్మామీటరుతోనే.

"నోరు విప్పావుగా, మళ్లీ మొదటినుంచి!"

"ఏమే మూడోసారీ," అంది అక్క, "మొదటిచోట నాలుగేళ్లలో అయిపోతుందన్నారుగా. ఇంకేం కావాలి?"

"అదే అనుమానం. ముగ్గురు సీనియర్లను విడివిడిగా అడిగాను. ముగ్గురూ నాలుగే అన్నారు, ఒకే నవ్వుతో. నిజమైన కొలతలు అంత నున్నగా ఉండవక్కా."

"మరి రెండోచోట?"

"ఒకతను ఐదన్నాడు, ఒకామె ఎనిమిదంది. మూడో ఆయన లెక్కపెట్టబోయి, 'ఇప్పుడెందుకమ్మా గుర్తుచేస్తావు' అని టీ ఇప్పించాడు. మూడో కొలత లేదే, ఎలా నమ్మను?"

"అబద్ధం చెప్పలేక టీ ఇప్పించాడు కదే పిచ్చిదానా, అదే కొలత!" అంది అక్క.

ఆమె 11 గంటల 58 నిమిషాలకు రెండోచోటికి ఒప్పుకుంది.

తల్లి థర్మామీటరు తీసి, "ఎవరైనా అడిగితే ఎన్నేళ్ల చదువని చెప్పనే?" అంది. కూతురు తన దగ్గరున్న రెండు సంఖ్యలకూ, ఐదుకూ ఎనిమిదికీ, సగటు కట్టింది.

6.5.